తిరుత్తణి విద్యార్థి తొలి పరిశోధన

ఆడికృత్తిక నాడు కావడి భుజాన వేసుకొని తిరుత్తణి కొండ మెట్లెక్కని కుటుంబం ఈ ప్రాంతంలో అరుదు. ఆర్.కె.పేట, పళ్ళిపట్టు, పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పం – ఏ ఊరివారికైనా ఆ కొండ ఇలవేల్పు నెలవు. ఆ కొండ క్రింది ఊరిలోనే 1888 సెప్టెంబరు 5న సర్వేపల్లి వీరాస్వామి, సీతమ్మ దంపతులకు రాధాకృష్ణన్ జన్మించారు. నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి గ్రామం పేరును ఇంటిపేరుగా మోసుకొని వచ్చిన తెలుగు కుటుంబం అది.

ఏటా సెప్టెంబరు 5న పాఠశాలల్లో ఆయన చిత్రపటానికి పూలమాల వేస్తారు. పిల్లలు వరుసగా వచ్చి, ఆయన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షులని, సోవియట్ దేశంలో భారత రాయబారి అని, 1952 నుండి 1962 వరకు ఉపరాష్ట్రపతి అని, 1962 నుండి 1967 వరకు రాష్ట్రపతి అని, 1954లో భారతరత్న పొందారని అప్పజెబుతారు. అంతటితో పదవుల పట్టిక ముగుస్తుంది, మిఠాయి పంచుతారు. కాని ఆ పట్టికలో సాధారణంగా చోటు దొరకని విషయం ఒకటి ఉంది. ఈ పదవులలో ఏదీ ఊహకైనా అందని రోజుల్లో, ఇరవై ఏండ్ల ప్రాయంలో, ఆయన విద్యార్థిగా ఒక పరిశోధన చేశారు. తన ప్రశ్నను తానే వెదకుకొన్నారు, తానే చదివి సమాధానం కూర్చుకొన్నారు, ఆ సమాధానాన్ని అంగీకరించని గురువు చేతిలోనే దానిని పెట్టారు. తరువాతి కాలపు మహావక్తకు పునాది పడినది అక్కడే.

విద్యార్థులకు పదవులను చూపి ఆశ కల్పించడం సులభం. పదవికి ముందున్న పనిని చూపడమే పాఠశాల చేయవలసిన మేలు. అందుకే ఆ తొలి పరిశోధన కథ ఈ ప్రాంతపు పిల్లలకు, తల్లిదండ్రులకు తెలియవలసి ఉన్నది.

కదలని ఊరు, కదిలిన సరిహద్దు

రాధాకృష్ణన్ పుట్టిన నాటికి తిరుత్తణి మద్రాసు రాజధానిలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. కార్వేటినగరం జమీందారీ ప్రాంతమది. వీరాస్వామిగారు జమీందారీ కొలువులో రెవెన్యూ పనులు చూచే చిన్న ఉద్యోగి. ఇంట కలిమి లేదు, చదువు మీద గౌరవం మాత్రం ఉన్నది.

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి అందులో చేరింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు చిత్తూరు జిల్లాతోపాటు ఆంధ్రలోకి వెళ్ళింది. పటాస్కర్ నిర్ణయం ననుసరించి చేసిన సరిహద్దుల మార్పు చట్టం 1960 ఏప్రిల్ 1న అమలులోకి రాగా, తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఆ రాష్ట్రమే 1969లో తమిళనాడు అయింది. 1997లో చెంగల్పట్టు జిల్లా విడిపోయి తిరువళ్ళూరు జిల్లా ఏర్పడింది. ఊళ్ళు ఉన్నచోటనే ఉన్నవి; వాటి మీది పేర్లు మాత్రం మారినవి. డెబ్బై అయిదేండ్లు నిండిన తెలుగు పాఠశాల ఏదైనా ఇక్కడ ఉన్నదంటే, అది 1960కి ముందే పుట్టి, తన గడప దాటకుండానే రాష్ట్రం మారినదని అర్థం.

ఈ చరిత్ర చెప్పుకొనడం పాత తగవులను తిరగదోడడానికి కాదు. ఇక్కడి పిల్లవాడికి ఇంట తెలుగు, అంగడిలో తమిళం, పై చదువుల్లో ఇంగ్లీషు – మూడూ కావాలి. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ అభ్యసన చట్టం తెచ్చినప్పటి నుండి తమిళం చదవడం బడిలోనూ విధి అయింది. తెలుగు మాధ్యమంలో పిల్లను చేర్చిన తల్లి మనస్సులో ఒక సందేహం మెదలుతూనే ఉంటుంది: ‘ఈ బడిలో చదివిన నా బిడ్డ రేపు పెద్ద సభలో నిలబడి నోరు విప్పగలదా?’ ఆ సందేహానికి మెహర్బానీ మాటలతో కాక, జరిగిన చరిత్రతో సమాధానం వెదకాలి.

పుస్తకాలు ఎంచిన శాఖ

రాధాకృష్ణన్ మొదటి చదువు తిరుత్తణిలోనే సాగింది. 1896లో తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలకు వెళ్ళారు. తరువాత వేలూరు ఊరిస్ కళాశాలలో ఎఫ్.ఏ. చదివారు. అక్కడి నుండి మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. ఆ కళాశాల తాంబరానికి తరలిపోయినది 1937లో. రాధాకృష్ణన్ చదివే నాటికి అది మద్రాసు నడిబొడ్డున, జార్జిటౌనులో ఉండేది. విద్యార్థి వేతనాలే ఆయన చదువుకు ఆధారం.

ఆయన తత్త్వశాస్త్రాన్ని ఎంచుకొన్నది ఏదో దివ్యప్రేరణ వల్ల కాదు. ఆ సంవత్సరమే పట్టభద్రుడైన బంధువు ఒకాయన తన తత్త్వశాస్త్ర పాఠ్యపుస్తకాలను ఈయనకు ఇచ్చారు. వెల్టన్ తర్కశాస్త్రం, స్టౌట్ మనస్తత్వశాస్త్రం, మెకంజీ నీతిశాస్త్రం చేతిలో ఉన్నవి. కొత్త పుస్తకాలు కొనవలసిన పని లేదు కనుక ఆ శాఖలో చేరారు. ఈ సంగతి ఆయనే చెప్పుకొన్నారు.

ఇందులో పేద తల్లిదండ్రులు గ్రహించవలసినది ఉన్నది. చదివే శాఖను ఇంటి పరిస్థితి నిర్ణయించవచ్చు. కాని ఆ శాఖలో ఏ ప్రశ్న అడగాలో నిర్ణయించేది విద్యార్థి మనస్సు. పాత పుస్తకాలు ఆయనకు శాఖను ఇచ్చినవి, ప్రశ్నను ఇవ్వలేదు. ప్రశ్న మరొక చోటి నుండి వచ్చింది.

నొప్పించిన మాట

క్రైస్తవ కళాశాలలోని అధ్యాపకులు పండితులు, శ్రద్ధగా పాఠం చెప్పేవారు. అయితే ఆ కాలపు మిషనరీ విద్యాలయాల్లో హిందూమతం గురించి వినిపించే విమర్శ కఠినంగా ఉండేది. వేదాంతం ఈ జగత్తును మాయ అంటుంది. జగత్తే మాయ అయితే అందులోని మంచిచెడ్డలు మాయే కదా. కనుక వేదాంతంలో నీతికి చోటు లేదు – ఇది ఆ విమర్శల్లో ముఖ్యమైనది.

ఇంటిలో పూజాపునస్కారాల మధ్య పెరిగిన యువకునికి ఈ మాట గుచ్చుకొన్నది. 1893లో చికాగో సర్వమత సభలో ప్రసంగించి, 1897లో మద్రాసుకు తిరిగివచ్చిన వివేకానందస్వామి వాక్కులు ఆ తరం యువకుల్లో ఆత్మాభిమానాన్ని రగిల్చి ఉన్నవి. రాధాకృష్ణన్ కూడ ఆ ప్రభావం తనపై ఉన్నదని, మిషనరీ విద్యాలయాల్లోని విమర్శ తనను నొప్పించినదని తరువాత వ్రాసుకొన్నారు.

నొచ్చుకొన్న విద్యార్థి ముందు రెండు దారులుంటాయి. ఒకటి, కోపించి తరగతి విడిచి వెళ్ళడం, లేదా మౌనంగా లోలోపల కుమిలిపోవడం. రెండవది, ఆ మాట నిజమా కాదా అని స్వయంగా పరిశీలించడం. రాధాకృష్ణన్ రెండవ దారి పట్టారు. తన మతంలో జీవం ఉన్నదేది, జీవం పోయినదేది అని తేల్చుకొనడానికి చదువసాగారు. గమనించవలసిన విషయమేమంటే, ఆయన తన పక్షం గెలవాలని మాత్రమే పుస్తకం తెరవలేదు. తన పక్షంలో నిర్జీవమైనది ఉంటే దానినీ ఒప్పుకొనడానికి సిద్ధపడ్డారు. పరిశోధనకు, వాదులాటకు తేడా సరిగ్గా ఇక్కడే ఉన్నది. వాదులాడేవాడికి సమాధానం ముందే తెలుసు. పరిశోధకునికి ప్రశ్న మాత్రమే తెలుసు.

1908 నాటి వ్యాసం

ఎం.ఏ. పరీక్షలో భాగంగా ఆయన ఒక పరిశోధనా వ్యాసం వ్రాశారు. వేదాంత నీతిశాస్త్రము, దానికి ఆధారమైన తాత్త్విక భావనలు – ఇది దాని విషయం. ‘ది ఎథిక్స్ ఆఫ్ ది వేదాంత అండ్ ఇట్స్ మెటాఫిజికల్ ప్రీసపోజిషన్స్’ అనే పేరుతో 1908లోనే మద్రాసులో అచ్చయింది. వేదాంతంలో నీతికి చోటు లేదన్న ఆక్షేపణకు అది సమాధానం.

శీర్షిక చూస్తేనే ఆ విద్యార్థి పద్ధతి కొంత తెలుస్తుంది. ‘హిందూమత వైభవం’ అని పేరు పెట్టలేదు. వేదాంతమంతటి గురించీ వ్రాయబూనలేదు. వేదాంతంలో నీతి – అంతవరకే గిరి గీసుకొన్నారు. ఒక్క ఆక్షేపణ, ఒక్క సమాధానం. ఈనాటికీ ఉపాధ్యాయులు విద్యార్థులకు చెప్పి చెప్పి అలసిపోయే మాట ఇదే. ‘నీరు’ అనేది పరిశోధనకు విషయం కాజాలదు. ‘మా వీధి కుళాయిలో నీరు ఎన్ని రోజులకొకసారి వస్తున్నది, ఎందుకు’ అనేది విషయం కాగలదు. గిరి చిన్నదైతేనే లోతుగా త్రవ్వగలం.

అయితే ఆ వ్యాసం ఎవరి చేతికి వెళుతుంది? ఆయనకు తత్త్వశాస్త్రం బోధించినవారు విలియం స్కిన్నర్, ఆల్ఫ్రెడ్ జార్జ్ హాగ్. హాగ్ స్కాట్లండు నుండి 1903లో మద్రాసుకు వచ్చిన మిషనరీ పండితుడు. హిందువుల కర్మసిద్ధాంతాన్ని, క్రైస్తవుల విమోచన భావాన్ని ప్రక్కప్రక్కన పెట్టి పరిశీలించినవారు. ఆ విషయమై ఆయన వ్రాసిన గ్రంథం 1909లో వెలువడింది. తరువాత 1928 నుండి 1938 వరకు ఆ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నారు. అంటే, శిష్యుడు ఏ విషయంలో భిన్నాభిప్రాయం ప్రకటిస్తున్నాడో, గురువు ఆ విషయంలోనే నిపుణుడు.

తన వ్యాసం గురువుకు కోపం తెప్పిస్తుందేమో అని రాధాకృష్ణన్ భయపడ్డారు. ఆ భయం అసహజమేమీ కాదు. పేద విద్యార్థికి గురువు మెచ్చుకోలు ఉద్యోగానికి దారి. కాని హాగ్ కోపించలేదు. తాత్త్విక సమస్యలోని ప్రధానాంశాలను ఆ విద్యార్థి చక్కగా గ్రహించాడని, చిక్కైన వాదాన్ని సులువుగా నడిపే శక్తి అతనికి ఉన్నదని, ఇంగ్లీషు భాషపై కూడ మంచి పట్టు ఉన్నదని యోగ్యతాపత్రంలో ప్రశంసించారు. ఆ పత్రం రాధాకృష్ణన్‌కు ఎంతో ధైర్యాన్ని ఇచ్చింది.

ఈ ఘట్టంలో గొప్పతనం ఇద్దరిదీ. భయపడినా వ్రాసిన శిష్యునిది ఒక పాలు. తన అభిప్రాయానికి ఎదురుగా ఉన్న వ్యాసంలోని ప్రతిభను ప్రతిభగానే చూచిన గురువుది రెండవ పాలు. హాగ్ మనస్సు ఇరుకైనదే అయితే, ఆ వ్యాసం అటకెక్కి ఉండేది. విద్యార్థి పరిశోధన పాఠశాలలో వర్ధిల్లాలంటే ప్రశ్నించే పిల్లవాడు ఒక్కడే చాలడు, ఎదురు ప్రశ్నను ఓర్చుకొనే ఉపాధ్యాయులు కూడ కావాలి.

ఆ వ్యాసం అంతటితో ఆగలేదు. అదే విషయాన్ని మరింత పదునుపెట్టి, 1914లో ‘వేదాంత నీతి’ గురించి విదేశాలలోని నీతిశాస్త్ర పత్రిక ‘ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ఎథిక్స్’లో ప్రకటించారు. మాయావాదాన్ని గురించిన మరొక వ్యాసమూ అదే సంవత్సరం అందులోనే వెలువడింది. ఇరవై ఏట అడిగిన ప్రశ్నను ఆరేండ్ల తరువాత కూడ ఆయన విడువలేదు.

సైదాపేట తరగతి గది

1909లో రాధాకృష్ణన్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తత్త్వశాస్త్ర శాఖలో ఉద్యోగం పొందారు. ఆ కాలపు నియమం ప్రకారం ఉపాధ్యాయ శిక్షణ కూడ పొందవలసి ఉండగా, 1910లో సైదాపేట శిక్షణ కళాశాలకు వెళ్ళారు. ఉపాధ్యాయవృత్తిలోని ప్రతివారికీ ఈ ఘట్టం ఆత్మీయమైనది. అక్కడ ఆయన విద్యార్థి. కాని తత్త్వశాస్త్రంలో ఆయన పరిజ్ఞానాన్ని గుర్తించిన ఆచార్యులు ఆ తరగతులకు రానక్కరలేదని మినహాయింపు ఇచ్చారు. ఆయన తన సహాధ్యాయులకు మనస్తత్వశాస్త్రం గురించి ప్రసంగాలు చేశారు. అవే 1912లో ‘ఎసెన్షియల్స్ ఆఫ్ సైకాలజీ’ అనే పుస్తకమైనవి.

పండితుల ముందు పాండిత్యం ప్రదర్శించడం ఒక ఎత్తు. తనతో కలిసి బల్ల మీద కూర్చొనే తోటివారికి, ఆ విషయం కొత్త అయినవారికి, విసుగు కలగకుండా చెప్పడం మరొక ఎత్తు. సహాధ్యాయుడు మర్యాద కోసం తల ఊపడు. అర్థం కాకపోతే ప్రక్కవాడితో మాట్లాడతాడు. ఆ శ్రోతల ముందు నిలిచినవాడికి, ఏ మాట చేరుతున్నదో ఏ మాట చేరడం లేదో వెంటనే తెలిసిపోతుంది.

ఆ తరువాత రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలలో పనిచేసి, 1918లో మైసూరు మహారాజా కళాశాలకు వెళ్ళారు. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయం పిలిచినప్పుడు, మైసూరు విద్యార్థులు ఆయన ఎక్కిన బండికి గుర్రాలను విప్పివేసి, తామే స్టేషను దాక లాగికొనిపోయారు. పాఠం అర్థమయ్యేటట్లు చెప్పినవారికి విద్యార్థులు ఇచ్చిన వీడ్కోలు అది.

1926లో ఆయన ఇంగ్లండు, అమెరికాలకు ప్రయాణమయ్యారు. ఆక్స్‌ఫర్డులోని మాంచెస్టర్ కళాశాలలో అప్టన్ ఉపన్యాసాలు ఇచ్చారు. ఆ నాలుగు ఉపన్యాసాలే 1927లో ‘ది హిందూ వ్యూ ఆఫ్ లైఫ్’ అనే గ్రంథంగా వెలువడినవి. అదే యాత్రలో చికాగోలో హాస్కెల్ ఉపన్యాసాలు ఇచ్చారు, హార్వర్డులో జరిగిన అంతర్జాతీయ తత్త్వశాస్త్ర మహాసభలో ప్రసంగించారు. 1908లో ఒక్క గురువు ముందు పెట్టిన సమాధానాన్ని, 1926లో ఆయన దేశదేశాల విద్వాంసుల ముందు విస్తరించి చెప్పారు. వేదిక పెద్దదైంది, పద్ధతి మారలేదు. ఎదుటివారి శంకను ముందుగా వారికంటె స్పష్టంగా తానే చెప్పడం, అందులో నిజమున్నంత మేరకు ఒప్పుకొనడం, ఆపైన తన మాట చెప్పడం – ఇదే ఆయన వరస. ఎదుటివాని మాటను సరిగ్గా చెప్పగలిగినవాని మాటను ఎదుటివాడు శ్రద్ధగా వింటాడు.

గడియారం వింటున్న ప్రసంగం

ఆయన వక్తృత్వానికి అందరికంటె కఠినమైన పరీక్ష 1947 ఆగస్టు 14 రాత్రి జరిగింది. రాజ్యాంగ సభ ఢిల్లీలో సమావేశమై ఉన్నది. స్వాతంత్ర్య ప్రతిజ్ఞ తీర్మానాన్ని జవహర్‌లాల్ నెహ్రూ ప్రతిపాదించారు, చౌధురీ ఖలీకుజ్జమాన్ బలపరచారు. తరువాత రాధాకృష్ణన్ లేచారు. గడియారం పన్నెండు కొట్టగానే సభ్యులందరూ ప్రతిజ్ఞ చేయాలి. అందుచేత ఆ వేళ వరకు ప్రసంగం సాగాలి, ఒక్క నిమిషమైనా దాటరాదు. దేశమంతా ఎదురుచూస్తున్న ఘడియలో గడియారానికి లోబడి మాట్లాడవలసిన బాధ్యత తిరుత్తణిలో పుట్టిన అధ్యాపకునిపై పడింది.

ఆ కొద్ది వ్యవధిలో కూడ ఆయన ఉత్సాహవాక్యాలతోనే కాలం గడపలేదు. వెళ్ళిపోతున్న ఆంగ్లేయుల విషయంలో న్యాయంగా మాట్లాడారు. మన తప్పులను కూడ చెప్పారు. పెద్దచోట్లలోని అవినీతిని, బంధుప్రీతిని, లాభాపేక్షను, దొంగవ్యాపారాన్ని నిర్మూలించకపోతే పరిపాలన బాగుపడదని ఆ సంబరపు రాత్రే హెచ్చరించారు. జీవమున్నది, జీవం లేనిది వేరుచేసి చూడాలన్న విద్యార్థి దశలోని నియమమే ఆ అర్ధరాత్రి మాటల్లోనూ పలికింది. వేళకు ప్రసంగం ముగిసింది, ప్రతిజ్ఞ జరిగింది.

ఎనిమిది నిమిషాలు ఇస్తే పన్నెండు నిమిషాలు మాట్లాడి, చివరి ముఖ్యాంశం చెప్పకుండానే కూర్చొనే విద్యార్థులకు ఈ ఘట్టం మంచి పాఠం. కాలానికి లోబడడమంటే విషయాన్ని నరికివేయడం కాదు. ఏది ముఖ్యమో ముందే తేల్చుకొనడం.

కట్టమంచి వారి బహుమతి కావ్యం

ఇంతవరకు చెప్పినది చదివి, ‘రాధాకృష్ణన్‌గారు ఇంగ్లీషు బడులలో చదివారు, ఇంగ్లీషులోనే వ్రాశారు, తెలుగు మాధ్యమపు పిల్లలకు ఇది ఎలా వర్తిస్తుంది’ అని ఎవరైనా అడుగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనది. తెలుగు మాధ్యమంలో చదివితే చాలునని చెప్పడానికి ఆయన జీవితాన్ని సాక్ష్యంగా చూపడం తగదు. ఆయన జీవితం చెప్పేది వేరు: ప్రశ్న తనదై ఉండాలి, సమాధానం నిజాయితీగా ఉండాలి. భాష విషయంలో సాక్ష్యానికి ఈ సీమలోనే పుట్టిన మరొక విద్యార్థి వద్దకు పోవాలి.

చిత్తూరు దగ్గరి కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డిగారు కూడ అదే మద్రాసు క్రైస్తవ కళాశాల విద్యార్థి. రాధాకృష్ణన్‌కు కొన్నేండ్ల ముందు అక్కడ చదివారు. కళాశాలలోని తెలుగు విద్యార్థుల భాషాభిరంజని సమాజం పెట్టిన పోటీకి ఆయన ‘ముసలమ్మ మరణము’ అనే కావ్యాన్ని వ్రాసి బహుమతి పొందారు. అందులోని కథ రాజులది కాదు, దేవతలది కాదు. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగబోగా, ఊరిని కాపాడడానికి బలి అయిన రైతు ఇంటి కోడలు ముసలమ్మ కథ అది. చరిత్ర పుస్తకంలో ఉన్న ఒక పల్లె వృత్తాంతాన్ని వెదకి పట్టుకొని, ఇంగ్లీషు రాజ్యమేలే కళాశాలలో, తెలుగులో నిలబెట్టిన విద్యార్థి ఆయన. నవ్యకవిత్వ చరిత్రలో ఆ కావ్యం పేరు చెప్పకుండా ఎవరూ ముందుకు పోరు.

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినప్పుడు దాని మొదటి ఉపాధ్యక్షులు రామలింగారెడ్డిగారే. ప్రభుత్వ దమననీతికి నిరసనగా ఆయన పదవి విడువగా, 1931లో ఆ స్థానంలోకి వచ్చినవారు రాధాకృష్ణన్. 1936లో ఈయన ఆక్స్‌ఫర్డు ఆచార్యపదవికి వెళ్ళగా, రెడ్డిగారు తిరిగివచ్చారు. ఒకే సీమ, ఒకే కళాశాల, ఒకే ఉన్నతపదవి. ఒకరు తన చిన్ననాటి ప్రశ్నను ఇంగ్లీషులో లోకానికి చెప్పారు, మరొకరు పల్లె చెరువు కథను తెలుగులో చెప్పారు. చెప్పవలసిన విషయం తమదైనందువల్ల ఇద్దరి మాటా నిలిచింది.

పిల్లల చేతిలోని పరిశోధన

ఈ ఇద్దరూ కళాశాల విద్యార్థులు. బడి పిల్లలు కూడ పరిశోధన చేయగలరని దేశం గుర్తించడానికి మరి కొంతకాలం పట్టింది. 1993లో ‘జాతీయ బాలల సైన్సు కాంగ్రెస్’ ప్రారంభమైంది. పది నుండి పదిహేడేండ్ల లోపు పిల్లలు చిన్న జట్టుగా ఏర్పడి, తమ పరిసరాల్లోని ఒక సమస్యను ఎంచుకొని, మార్గదర్శక ఉపాధ్యాయుని సాయంతో తామే పరిశీలించి, జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిల్లో సభ ముందు వివరించే ఏర్పాటు అది. పిల్లలు తమ భారతీయ భాషలోనే నివేదించే అవకాశం అందులో కల్పించారు. ఇంగ్లీషు రానందువల్ల పరిశోధన ఆగిపోరాదన్నది దాని ఉద్దేశం.

ఆర్.కె.పేట పిల్లలకు విషయాల కొరత లేదు. ఈ ఊళ్ళలో మగ్గం చప్పుడు వినని బిడ్డ ఉండదు. చేతిమగ్గం స్థానంలోకి మరమగ్గం ఎప్పుడు, ఎందుకు వచ్చినది? ఒక లుంగీ నేయడానికి నూలు ఖర్చు ఎంత, కూలి ఎంత? రాత్రింబగళ్ళు మరమగ్గం ప్రక్కన పనిచేసేవారి వినికిడి ఎలా ఉన్నది? కుశస్థలి నదిలో నీరు ఏ నెలల్లో పారుతున్నది? పాఠశాలలోని పాత ప్రవేశ రిజిస్టర్లలో 1960కి ముందు, తరువాత పిల్లల తండ్రుల వృత్తులు ఎలా మారినవి? తాత, అమ్మమ్మ, ఎదురింటి నేతగాడు – వీరే మూలగ్రంథాలు. ఏ నగర పాఠశాల విద్యార్థికీ ఈ గ్రంథాలయంలో సభ్యత్వం లేదు.

చెప్పే తీరు కూడ నేర్చుకొనదగినదే. మొదటి వాక్యంలోనే ప్రశ్నను చెప్పాలి. ‘పరిశ్రమల వల్ల దేశం ముందుకు పోతుంది’ అని మొదలుపెడితే సభ నిద్రపోతుంది. ‘మా నాన్నకు నేను రెండుసార్లు పిలిస్తే గాని వినిపించదు’ అని మొదలుపెడితే సభ మేల్కొంటుంది. తరువాత ఏమి కొలిచారో, ఎంతమందిని అడిగారో చెప్పాలి. అట్ట మీద వ్రాసినదాన్ని చదివి వినిపించరాదు. అట్ట మీది పటం చూపుతూ సభ వైపు తిరిగి మాట్లాడాలి. అనుకొన్న ఫలితం రాకపోతే ఆ సంగతి దాచరాదు. చివర ఎవరైనా ప్రశ్న అడిగితే, తెలిసినంత చెప్పి, తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకొనాలి. తెలియదని నిబ్బరంగా అనగలిగిన విద్యార్థి, తెలుసునని చెప్పిన మిగిలిన మాటలను సభ నమ్ముతుంది. ఇవన్నీ తెలుగులో నేర్చినవాడు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ తేలికగా చెప్పుకొనగలడు. ఆలోచన ఒకసారి కుదుటపడితే, దానిని మరొక భాషలోకి తీసుకొనిపోవడం అభ్యాసంతో వచ్చేదే. ఆలోచనే లేనివాడికి ఎన్ని భాషలు వచ్చినా చెప్పడానికి ఏమీ ఉండదు.

తల్లిదండ్రులు చేయవలసినదీ ఉన్నది. బిడ్డ కాగితం, కలం పట్టుకొని మగ్గం ప్రక్కన నిలబడి ప్రశ్నలు అడిగితే, ‘పని చెడగొట్టకు, పోయి పుస్తకం చదువుకో’ అనరాదు. ఆ క్షణాన ఆ బిడ్డ చదువుకొంటున్నది పుస్తకమే, ఇంకా ఎవరూ వ్రాయనిది. ఉపాధ్యాయులు కూడ తమకు తెలియని సమాధానం పిల్లలు తెచ్చినప్పుడు సంతోషించడం అలవరచుకొనాలి. ఇంటింటా ఒక రాధాకృష్ణన్ పుట్టకపోవచ్చును. తరగతికొక హాగ్ మాత్రం ఉండగలరు; అది ఉపాధ్యాయుల చేతిలో ఉన్న పని.

రాధాకృష్ణన్ 1975 ఏప్రిల్ 17న మద్రాసులో కన్నుమూశారు. 1962 నుండి ఆయన జన్మదినం ఉపాధ్యాయ దినోత్సవంగా జరుగుతున్నది. ఇకమీదట ఆ రోజున పూలమాల వేసిన తరువాత, పదవుల పట్టిక అప్పజెప్పడానికి బదులు, ఒక చిన్న జట్టు ముందుకు వచ్చి తమ వీధిని గురించి, తమ మగ్గాన్ని గురించి, తమ చెరువును గురించి తాము తెలుసుకొన్నది ఎనిమిది నిమిషాల్లో తెలుగులో చెబితే, ఆ చిత్రపటానికి అంతకు మించిన పూజ ఉండదు. డెబ్బై అయిదేండ్లుగా ఈ బడి పిల్లలకు అక్షరాలు దిద్దబెట్టింది. ఆ అక్షరాలతో వారు తమ ప్రశ్నను తామే వ్రాసుకొనే రోజులు ముందున్నవి. తిరుత్తణి కొండ మీది స్వామి వారికి వాక్కునూ ధైర్యాన్నీ ప్రసాదించుగాక!